రోడ్డు పనిలో బయటపడ్డ ఎర్రమట్టి వలయం: అది ఆవమేనా, ఎలా తవ్వాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: గుంటూరు, అమరావతి మధ్య కొత్త రోడ్డు కోసం నల్లరేగడి చేలో పైమట్టి తీస్తున్నారు. జేసీబీ బకెట్ కింద రెండున్నర మీటర్ల వెడల్పున ఎర్రగా కాలిన మట్టి వలయం కనబడింది. లోపల బూడిద, చుట్టూ కుండపెంకులు. అది పాతకాలపు ఆవమేనా (కుండలు కాల్చే బట్టీయేనా), ఎవరు తవ్వాలి, ఎలా తవ్వాలి, రోడ్డు పని ఎన్నాళ్లు ఆగుతుంది అని అడిగారు.

అన్నిటికంటే ముందు ఒక మాట. వలయం లోపలి మట్టిని బావి పూడిక తీసినట్టు తీసేయకండి. అలా చేస్తే చివరికి మిగిలేది కాలిన గోడ ఒక్కటే, ఆ గోడ ఒక్కటీ పెద్దగా ఏమీ చెప్పదు. ఎన్నిసార్లు మంట పెట్టారు, ఏం కాల్చారు, ఏ కట్టెలు వాడారు, ఎప్పుడు వదిలేశారు అన్న సంగతులన్నీ లోపలి పొరల్లో, బయటి బూడిద గుంటలో, పాడైన కుండల కుప్పలో ఉంటాయి. ఆ గుంట, ఆ కుప్ప ఇంకా మీకు కనబడి ఉండవు. అందుకే అవే ముందు టిప్పర్ చక్రాల కింద పడతాయి.

ఈరోజే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వలయం అంచు నుంచి అన్ని వైపులా కనీసం 10 మీటర్లు తాడు కట్టి యంత్రాలను బయటికి పంపండి. మీ సర్వే బృందం చేత, దూరాలు, కోణాలు కొలిచే పరికరమైన టోటల్ స్టేషన్‌తో వలయం అంచులు, లెవెల్ తీయించండి. రోడ్డు పనికి పాతిన కంట్రోల్ పాయింట్లు (స్థానం, ఎత్తు ముందే తేల్చిన గుర్తులు) తవ్వకందారులకు పెద్ద వరం. అవి లేకపోతే వాళ్లు ఎత్తు తెలిసిన గుర్తు (బెంచి మార్కు) కోసం ఒక పూట తిరగాలి. జేసీబీ ఇప్పటికే ఎత్తిపోసిన మట్టి ఏ కుప్పలో ఉందో గుర్తుపెట్టి దాన్ని విడిగా ఉంచండి, అందులో పెంకులు ఉంటాయి. బయటపడ్డ చోటు మీద తడిపిన గోనెపట్టాలు పరిచి, వాటిపై టార్పాలిన్ కప్పండి. నల్లరేగడి ఎండలో రెండు రోజులుంటే చాలు, నెర్రెలు విచ్చి వలయం అంచు ముక్కలవుతుంది. చుట్టూ జానెడు ఎత్తు మట్టికట్ట వేసి వాననీరు బయటికి పోయేలా చూడండి.

ఇక కాగితాల సంగతి. మండల తహసీల్దారుకు, జిల్లా కలెక్టరుకు, రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలల శాఖకు, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అమరావతి సర్కిల్‌కు ఫొటోలు, కోఆర్డినేట్లతో లేఖలు పంపి రసీదు తీసుకోండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన, 10 రూపాయలకు మించి విలువ చేసే నిధి గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాల్సిందే. ఆవం దానంతటది నిధి కాదు. కానీ పెంకుల మధ్య ఒక్క నాణెం దొరికినా ఆ చట్టం వర్తిస్తుంది కాబట్టి లేఖ ముందే పెట్టుకోవడం మేలు. పక్కన కేంద్ర రక్షిత కట్టడం ఏదైనా ఉందేమో కూడా చూసుకోండి. 2010 సవరణ తర్వాత రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ లోపు మీ కూలీల చేత మీరే తవ్వించకండి. పురావస్తు తవ్వకానికి అనుమతి కావాలి, అది మనిషి పేరు మీద, చోటు పేరు మీద వస్తుంది.

కాంట్రాక్టరు భయమల్లా ఆలస్యం గురించే కాబట్టి అతనికి ఈ సంగతి చెప్పండి. ఒప్పందం ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) 1999 నమూనా రూపంలో ఉంటే 4.24 క్లాజు ఇలాంటి సందర్భానికే రాశారు. వెంటనే ఇంజనీరుకు నోటీసు ఇస్తే గడువు పొడిగింపు, అదనపు ఖర్చు అడిగే హక్కు ఉంటుంది. దాచిపెట్టి తర్వాత బయటపడితే ఆ హక్కు నిలబడటం కష్టం. వేరే రూపంలోని ఒప్పందమైతే పురావస్తువుల గురించిన క్లాజు ఏం చెబుతోందో ఇవాళే చదవండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. అది ఆవమేనా?

ఎర్రమట్టి కనబడినంత మాత్రాన ఆవం కాదు. తేల్చాల్సింది ఒక్కటే: మట్టి అక్కడే, ఆ చోటనే కాలిందా, లేక కాలిన మట్టిని తెచ్చి పోశారా? వలయం మీద ఒక అడుగు మేర చిన్న తాపీతో నున్నగా గీకి, నీళ్లు సన్నగా చిలకరించి ఉదయం ఏటవాలు వెలుతురులో చూడండి. అక్కడే కాలినదైతే రంగులు లోపల్నుంచి బయటికి పట్టీలుగా మారతాయి. లోపలి అంచున బూడిదరంగు లేదా ఆకుపచ్చ డాలున్న గట్టి పెంకు, అక్కడక్కడ గాజులా కరిగిన మెరుపు ఉంటుంది. దాని వెనక ఇటుకరంగు, ఆ తర్వాత మసకబారిన గోధుమరంగు, చివరికి మామూలు నల్లమట్టి వస్తాయి. ఒక రంగు నుంచి ఇంకో రంగుకు గీత గీసినట్టు ఉండదు, పసుపు నీళ్లలో కలిసినట్టు మెల్లగా కలిసిపోతుంది. తెచ్చి పోసిన మట్టి అయితే అంచు ఖచ్చితంగా తెగి ఉంటుంది, ఎర్ర ముక్కల మధ్య నల్ల ముక్కలు కలగాపులగంగా ఉంటాయి.

మన ప్రాంతంలో ఆవమని పొరబడే చోట్లు నాలుగు ఉన్నాయి. మొదటిది వరల బావి. తొలి చారిత్రక యుగపు ఊళ్లలో కాల్చిన మట్టి వరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బావులు దొరుకుతాయి. పైనుంచి చూస్తే చక్కటి ఎర్రటి వలయం. కానీ వరలు ఎక్కడో కాల్చి తెచ్చినవి కాబట్టి వాటి వెనక మట్టి ఎర్రబడి ఉండదు, పైగా బావి వ్యాసం ఒక మీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. రెండోది తుమ్మ మొద్దో తాటి మొద్దో కాల్చిన చోటు. వేళ్లు కాలిన సొరంగాలు అటూ ఇటూ పోతాయి, ఎర్రదనం రెండు మూడు సెంటీమీటర్లు మించదు. మూడోది గుంటూరు సీమకే ప్రత్యేకం: పొగాకు బ్యారన్ పొయ్యి. 1920ల తర్వాత ఇక్కడ వర్జీనియా పొగాకు ఆరబెట్టడానికి కట్టిన బ్యారన్లు కూలిపోయి చేలల్లో కలిసిపోయాయి. పొయ్యి దగ్గర మట్టి బాగా కాలి ఉంటుంది, పొగ పోయే గొట్టాల దారి కూడా కనబడుతుంది. అయితే తుప్పు పట్టిన రేకు గొట్టం ముక్కలు, తొమ్మిది అంగుళాల ఇటుకలు, పక్కన చతురస్రాకారపు గోడ పునాది దాన్ని పట్టిస్తాయి.

నాలుగోది సున్నపు బట్టీ. అమరావతి చుట్టుపక్కల దీన్ని చాలా జాగ్రత్తగా చూడాలి. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ చూసి వెళ్లిన మహాచైత్యం (అమరావతి బౌద్ధ స్తూపం) తాలూకు పలనాటి సున్నపురాయి ఫలకాలు ఎన్నో ఆ తర్వాత కొత్త కట్టడాల్లోకి, సున్నపు బట్టీల్లోకి పోయాయి. సున్నపురాయి కాలి సున్నం కావడానికి సుమారు 900 డిగ్రీలు కావాలి కాబట్టి గోడ గట్టిగా కాలి ఉంటుంది, అడుగున తెల్లటి ముద్ద, సగం కాలిన రాళ్లు మిగులుతాయి. ఆ సగం కాలిన రాతిముక్క మీద ఒక తామర రేకు చెక్కి ఉండవచ్చు. అందుకని తెల్లరాయి ప్రతి ముక్కనూ కడిగి, అన్ని ముఖాలూ తిప్పి చూడాలి. నిమ్మరసం పోసి నురుగు వస్తే సున్నమే అనుకునే అలవాటు ఉంది, దాన్ని నమ్మకండి. నల్లరేగడిలో సహజంగా ఉండే సున్నపు గులకలు కూడా నురుగు కక్కుతాయి.

కుమ్మరి ఆవమే అయితే తిరుగులేని రుజువు పాడైన కుండలు: వేడికి ఒరిగిపోయిన అంచులు, ఒకదానికొకటి అతుక్కుపోయిన పెంకులు, ఉబ్బి బుడగలెత్తిన మూకుళ్లు. ఇంట్లో వాడి పారేసిన పెంకుకు మసి, అరుగుదల ఉంటాయి. వీటికి వాడిన గుర్తే ఉండదు. ఇంకో సంగతి. గోడ లేదు కాబట్టి ఆవం కాదు అనకండి. కుండలు పేర్చి, పిడకలు, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి కాల్చే పద్ధతిలో గోడే ఉండదు. పలచని ఎర్ర మచ్చ, బూడిద, పాడైన పెంకులు, అంతే మిగులుతాయి.

వీలైతే తవ్వకానికి ముందు, నేలలోని అయస్కాంత తేడాలు కొలిచే మ్యాగ్నెటోమీటర్ సర్వే చేయించమనండి. కాలిన మట్టి చల్లారేటప్పుడు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రాన్ని తనలో నిలుపుకుంటుంది కాబట్టి చుట్టూ ఉన్న మట్టి కంటే ఆవం చాలా బలంగా కనబడుతుంది. మీటరు ఎడంగా వరసలు, వరసలో పావు మీటరుకు ఒక రీడింగు చాలు. ఒక ఆవం ఉన్నచోట ఇంకో రెండు మూడు ఉండే అవకాశం ఎక్కువ. అవి మీ రోడ్డు హద్దులో ఎక్కడున్నాయో ఇప్పుడే తెలిస్తే మళ్లీ మళ్లీ పని ఆపాల్సిన బాధ తప్పుతుంది. జేసీబీ, ఇనుప కంచె, రోలరు దగ్గర్లో ఉంటే రీడింగులన్నీ చెడిపోతాయి, వాటిని ముందే దూరంగా పెట్టించండి.

తవ్వకం మొదలయ్యేది పైమట్టి విస్తారంగా తీయడంతో. వలయానికి అన్ని వైపులా 5 మీటర్లకు తక్కువ కాకుండా, అంటే కనీసం పన్నెండున్నర మీటర్ల చదరం తెరవాలి. దీనికి యంత్రం వాడొచ్చు, కానీ పళ్లు లేని వెడల్పు బకెట్‌తో, వెనక్కి జరుగుతూ, ఒక్కో గీకుకు 5 నుంచి 10 సెంటీమీటర్లు మాత్రమే. పక్కన తవ్వకం తెలిసిన మనిషి నిలబడి చెయ్యెత్తగానే డ్రైవరు ఆపాలి. పళ్లున్న బకెట్ ఒక్క లాగుకు బూడిద గుంట పైభాగాన్ని దున్నేస్తుంది, ఆ తర్వాత ఏ పొర ఏదో ఎవరూ చెప్పలేరు. చివరి పది సెంటీమీటర్లు పార, తాపీలతోనే తీయాలి.

చదును చేశాక మొదట వెతకాల్సింది మంట నోరు. వలయంలో ఒకచోట గోడ తెగి ఉంటుంది, అక్కణ్ణుంచి బయటికి తోకలా బూడిద, బొగ్గు నల్లగా సాగుతుంది. ఆ తోకే బూడిద గుంట. మంట నోటి నుంచి ఆవం మధ్యగా ఎదుటి గోడ దాకా ఒక దారం లాగండి, దానికి అడ్డంగా ఇంకో దారం. ఆవం నాలుగు పావులైంది. ఎదురెదురుగా ఉన్న రెండు పావులు ముందు తవ్వాలి, మిగతా రెండూ అలాగే ఉండాలి. అప్పుడు పొడవునా ఒక సెక్షన్ (పొరలు కనబడే నిలువు కోత), అడ్డంగా ఒక సెక్షన్ నిలబడతాయి. పొడుగు దారం బూడిద గుంట మీదుగా కూడా పోవాలి, ఎందుకంటే గుంటలోని ఏ పొర ఆవంలోని ఏ పొరతో కలుస్తుందో చూపించేది ఆ ఒక్క గీతే. సెక్షన్లు 1:10 కొలతలో, ప్లాను 1:20 కొలతలో గీశాక మిగతా రెండు పావుల్ని పొరలవారీగా తీయొచ్చు. మొదటి సగంలో చేసిన తప్పు రెండో సగంలో దిద్దుకోవచ్చు, సగం కోసే పద్ధతిలోని గొప్పతనం అదే.

సెక్షన్‌లో సాధారణంగా కనబడే వరస పైనుంచి కిందికి ఇలా ఉంటుంది. ఆవం వదిలేశాక నిండిన చెత్తమట్టి. దాని కింద కూలిన కప్పు, అంటే రెల్లు గుర్తులు, వేలిముద్రలు పడ్డ కాలిన మట్టి పెళ్లలు. దాని కింద చివరిసారి కాల్చినప్పటి బూడిద, అదృష్టం ఉంటే పగిలి అక్కడే వదిలేసిన కుండలు. అడుగున గట్టిపడ్డ నేల. గోడ కోత మీద అరచేయంత చోటు శుభ్రం చేసి చూస్తే పలచని మట్టి పూతలు ఒకదాని మీద ఒకటి కనబడతాయి. ఒక పూత, దాని మీద మసి, మళ్లీ పూత. కొన్నిసార్లు కాల్చాక నెర్రెలిచ్చిన గోడకు కుమ్మరి మళ్లీ మట్టి మెత్తిన ఆనవాళ్లవి. ఆ పూతలు లెక్కపెట్టి, ఒక్కోదాని మందం మిల్లీమీటర్లలో రాయాలి. ఏ పూతలో వరి ఊక ముద్రలున్నాయో, దేనిలో ఇసుక ఎక్కువ ఉందో కూడా రాయాలి. ఇంత చిన్న చోట ఆ మనిషి చేతిపని అంతా కనబడుతుంది. తొందరలో గోడను చీపురుతో ఊడ్చేస్తే మొదట రాలిపోయేవి ఈ పూతలే.

నల్లరేగడిలో పని తీరు వేరు. మధ్యాహ్నానికి మట్టి ఎండి పొరల రంగులన్నీ ఒకటే బూడిదరంగు అయిపోతాయి. అందుకని ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా తవ్వి, ఎండ వేళ పెంకులు కడగడం, రాతపని పెట్టుకోవాలి. నీళ్లు చిలకరించడానికి కొత్త స్ప్రేయరు కొనండి. చేలో పురుగుమందు కొట్టిన స్ప్రేయరు తెస్తే నమూనాలు పాడవుతాయి. ఎండాకాలపు నెర్రెలు మీటరు లోతు దాటి దిగుతాయి, వాటిలోంచి నిన్నటి మిరప గింజ కూడా ఆవం అడుగుకు జారుతుంది. కాబట్టి ప్రతి నెర్రెనూ ప్లానులో గీయాలి, దానికి ఒక చెయ్యెడు దూరం లోపు ఉన్న మట్టిని కాలనిర్ణయ నమూనాకు వాడకూడదు. పావుల మధ్య తవ్వకుండా ఉంచే గట్టు అర మీటరు వదిలితే ఇక్కడ పెళ్లలుగా ఊడిపోతుంది, మీటరు వదలండి. లోతు మీటరున్నర దాటితే పక్కల్ని మెట్లుగా కోయాలి, తవ్విన మట్టిని అంచుకు మీటరున్నర దూరంలో పోయాలి. కాలువలకు నీళ్లు వదిలే రోజులైతే బూడిద గుంటలో ఊట పడుతుంది. పక్కన చిన్న గుంత తీసి మోటారు పెట్టుకోండి.

నమూనాల విషయంలో పిసినారితనం వద్దు. చివరి మంట బూడిదను మొత్తం సంచుల్లో ఎత్తాలి, గుంటలోని ఒక్కో పొర నుంచి 40 లీటర్లు తీయాలి. దాన్ని నీళ్లలో తేల్చి, పైకి తేలిన బొగ్గు, గింజల్ని పావు మిల్లీమీటరు జల్లెడలో పట్టాలి. అడుగున మిగిలింది ఒక మిల్లీమీటరు జల్లెడలో ఆగుతుంది. రేగడి ముద్ద పచ్చిగా నీళ్లలో వేస్తే కరగదు, నీడలో పూర్తిగా ఆరాక నానబెడితే విచ్చుకుంటుంది. కొందరు వంటసోడా కలుపుతారు. కలిపేముందే, బొగ్గు వయసు తేల్చే పరీక్ష అయిన రేడియోకార్బన్‌కు కావాల్సిన బొగ్గు విడిగా తీసిపెట్టుకోవాలి, సోడాలో కూడా కార్బన్ ఉంది. ఆ బొగ్గును చేత్తో ముట్టకుండా తాపీ కొనతో తీసి అల్యూమినియం రేకులో చుట్టాలి. దూది, కాగితం తగలకూడదు. పెద్ద దుంగ బొగ్గు చూడ్డానికి బాగుంటుంది కానీ చెట్టు నడిమి చేవ వయసు ఆవం కంటే వందేళ్లు ఎక్కువ కావచ్చు. వరి ఊక, గింజ, సన్నపుల్ల మేలు. క్రీ.పూ. 800 నుంచి 400 మధ్య కాలానికి, రేడియోకార్బన్ కొలతను క్యాలెండరు సంవత్సరాల్లోకి మార్చే క్యాలిబ్రేషన్ వక్రం చదునుగా ఉండి తేదీ తేలదు. కాబట్టి పెంకులు పాత నలుపు-ఎరుపు రకానివైతే థర్మోలూమినిసెన్స్ (మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో తేల్చే పరీక్ష) కూడా చేయించాలి.

ఈ థర్మోలూమినిసెన్స్ పరీక్షకు గోడలోంచి కనీసం 3 సెంటీమీటర్ల మందమున్న బాగా కాలిన ముక్క కావాలి, నేలమట్టానికి కనీసం ఒక అడుగు లోతు నుంచి. నల్లగుడ్డ కప్పుకుని సంధ్యవేళ తీసి, తేమ పోకుండా నల్ల పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టాలి. దాని చుట్టూ 30 సెంటీమీటర్ల లోపలి మట్టి కూడా విడిగా పంపాలి. రేడియేషన్ మోతాదు లెక్క ఆ మట్టి లేకుండా రాదు. ఫ్లాష్ వేసి ఫొటో తీసిన ముక్కను పంపడం దండగ. బొగ్గు నమూనాలకు ఢిల్లీలోని ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్), లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ ఉన్నాయి. ముందుగా రాసి వాళ్ల నియమాలు తెలుసుకున్నాకే పంపాలి.

పెంకుల్లో అంచులు, అడుగులు, అలంకరణ ఉన్నవి అన్నీ ఉంచాలి. మామూలు పెంకులు పొరవారీగా లెక్కపెట్టి తూకం వేయాలి. ప్రతి సంచికి రెండు చీటీలు, లోపల ఒకటి, బయట ఒకటి. బయటిది వానకు తడిసి ఊడిపోతుంది, ఊడకుండా ఉంటుందని ఎవరు చెప్పినా వినకండి. ఇటుకలు దొరికితే మూడు కొలతలూ తీయండి. కృష్ణా లోయలో శాతవాహన, ఇక్ష్వాకు కాలపు ఇటుకలు సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 7 నుంచి 8 మందం ఉంటాయి. ఆ సైజు ఒక్కటి కనబడినా పురావస్తు శాఖ వాళ్లు ఆ చోటును చూసే తీరు మారుతుంది.

ఎన్ని రోజులు? ఇలాంటి ఒక్క ఆవానికి, బూడిద గుంటతో కలిపి, ఒక పర్యవేక్షకుడు, ఇద్దరు తవ్వకం తెలిసినవాళ్లు, ఆరుగురు నుంచి ఎనిమిది మంది కూలీలు ఉంటే రెండు నుంచి మూడు వారాల పని. వాన పడితే వారం కలుపుకోండి. అనుమతి రావడానికి పట్టే సమయం దీనికి అదనం, అందుకే లేఖ ఇవాళే వెళ్లాలి. కూలీలను పక్క ఊళ్ల నుంచే పెట్టించండి, వీలైతే కుమ్మరి పని తెలిసిన పెద్దమనిషిని ఒకరిని పిలవండి. ఒరిగిన కుండను చూసి మంట ఏ వైపు ఎక్కువైందో ఆయన చెప్పగలడు. ఆ తెలివిని రిపోర్టులో ఆయన పేరుతోనే రాయించండి.

తవ్వడమే ఏకైక దారి కూడా కాదు. అక్కడ రోడ్డు గట్టు రెండు మూడు మీటర్ల ఎత్తున వస్తుంటే, వలయాన్ని నమోదు చేసి, మట్టి పొరల్ని వేరుచేసే సింథటిక్ గుడ్డ అయిన జియోటెక్స్‌టైల్ పరిచి, దాని మీద అడుగు మందం శుభ్రమైన ఇసుక పోసి కప్పేయొచ్చు. పై మొదటి పొరలకు వైబ్రేషన్ లేకుండా రోలరు నడపాలి. కానీ రేగడిని తీసేసి మంచి మట్టి వేయాలని మీ డిజైను చెబుతుంటే ఈ దారి మూసుకుపోయినట్టే, అప్పుడు పూర్తిగా తవ్వాల్సిందే. డిజైను ఇంజనీరును ఈ ఒక్క ప్రశ్న ముందే అడగండి: ఆ చైనేజీ (రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరం) దగ్గర పాత నేలమట్టం కింద ఎంత లోతు కోస్తున్నారు?

పని మొదలయ్యాక తాడు కట్టిన చోటంతా చివరిదాకా ఆపి ఉంచనక్కర్లేదు. పైమట్టి తీసి ఖాళీ అని తేలిన భాగాన్ని పర్యవేక్షకుడు కోఆర్డినేట్లతో సహా రాతపూర్వకంగా వదిలేస్తే అక్కడ మీ పని మొదలుపెట్టుకోవచ్చు. నోటిమాట మీద మాత్రం రోలరు ఎక్కించకండి. బూడిద గుంట ఉన్న వైపు అన్నిటికంటే చివర్న వదులుతారు, మీ టిప్పర్ల దారిని ఇప్పుడే దానికి ఎదుటి వైపుకు మార్చుకోండి.